వీలునామా, వారసత్వం, ముఖ్తారునామా: మన కుటుంబాల్లో తరచూ తలెత్తే ప్రశ్నలు

ఇంటిపెద్ద కన్నుమూసినప్పుడు మొదటి కొన్ని రోజులు దుఃఖంలోనే గడిచిపోతాయి. జనాజా నమాజు, ఖననం, పరామర్శకు వచ్చిపోయే బంధుమిత్రులు - ఆ సమయంలో ఆస్తి సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. వచ్చినా నోరు తెరచి అడగడం మర్యాద కాదని ఊరుకుంటారు. నెల గడిచేసరికి పరిస్థితి మారిపోతుంది. బీరువా తాళం పెద్దకొడుకు దగ్గర ఉంటుంది. ఇంటి దస్తావేజు ఎక్కడుందో భార్యకు తెలియదు. మరణించిన వ్యక్తి ఎవరికి ఎంత బాకీపడ్డాడో, ఎవరి దగ్గర ఎంత రావాలో రాసిపెట్టిన కాగితం ఉండదు. అత్తవారింట ఉన్న కూతురికి ఒక స్టాంపు కాగితం వస్తుంది. “ఏమీ లేదమ్మా, ఆఫీసు పనికోసం ఒక సంతకం పెట్టు” అంటారు. ఆమె చదవకుండానే సంతకం పెడుతుంది. ఆ ఒక్క సంతకంతో అల్లాహ్ ఆమెకు నిర్ణయించిన వాటా చేజారిపోతుంది.

ఇలా చేసేవారందరూ దుర్మార్గులని చెప్పలేము. వారిలో నమాజు తప్పనివారు, రమజాన్ ఉపవాసాలు విడువనివారు ఎందరో ఉన్నారు. ఆరాధనల విషయంలో ఎంతో శ్రద్ధ చూపే మనం ఆస్తి పంపకాల దగ్గరకు వచ్చేసరికి ఊరి ఆచారాన్నే షరీఅత్ అనుకుంటున్నాము. కాని నమాజు రకాతుల సంఖ్య వివరంగా ఖుర్‌ఆన్‌లో లేదు. దానిని దైవప్రవక్త (స) ఆచరణద్వారా నేర్చుకున్నాము. వారసుల వాటాలనైతే సగం, పావు, ఎనిమిదో వంతు అంటూ అల్లాహ్ స్వయంగా సూరా నిసాలోని 11, 12, 176 ఆయతులలో నిర్ణయించాడు. ఆ వెంటనే 13, 14 ఆయతులలో ఇవి తాను గీసిన హద్దులని చెప్పి, పాటించేవారికి స్వర్గాన్నీ, మీరేవారికి కఠిన శిక్షనూ ప్రకటించాడు. ఇంత స్పష్టమైన విషయంలో మనం అజ్ఞానంగా ఉండటం తగదు.

ఈ వ్యాసంలో మన కుటుంబాల్లో సాధారణంగా ఎదురయ్యే ప్రశ్నలను తీసుకొని, హనఫీ ధర్మశాస్త్రం ప్రకారమూ, మనదేశంలో అమలులో ఉన్న చట్టం ప్రకారమూ వివరిస్తున్నాము.

నాలుగు మెట్లు

మరణించిన వ్యక్తి వదలిపోయిన సమస్త ఆస్తినీ “తర్కా” అంటారు. దానిపై నాలుగు హక్కులు ఒకదాని తరువాత ఒకటిగా వస్తాయి. ఈ వరుస మార్చడానికి వీలులేదు.

మొదటిది, కఫన్, దఫన్ ఖర్చులు. ఆడంబరంగా చేసే విందుల ఖర్చు ఇందులోకి రాదు.

రెండవది, అప్పులు. భార్యకు చెల్లించని మహర్ కూడా అప్పే. మన ఇళ్ళలో ఎక్కువగా విస్మరించే అప్పు ఇదే. నిఖాహ్‌నామాలో పదివేలో, యాభైవేలో రాసి, “తరువాత ఇస్తాము” అని జీవితమంతా ఇవ్వకుండా గడిపేవారు, జనాజా దగ్గర భార్యచేత మాఫీ చెప్పించడం కొన్నిచోట్ల చూస్తున్నాము. శోకంలో మునిగిన స్త్రీని నలుగురి ముందు నిలబెట్టి అడిగితే ఆమె కాదనగలదా? అటువంటి మాఫీకి ధర్మదృష్టిలో ఏ విలువ ఉంటుందో ఆలోచించాలి. మహర్ అందేవరకు భర్త ఆస్తిని తన స్వాధీనంలో ఉంచుకొనే హక్కు, ఆమె దానిని న్యాయంగా పొంది ఉన్నట్లయితే, వితంతువుకు ఉందని మన న్యాయస్థానాలు కూడా అంగీకరించాయి. ఆమె వాటా వేరు, మహర్ వేరు. రెండూ ఆమెకు చెందవలసినవే.

మూడవది, వసీయత్. అప్పులు తీరిన తరువాత మిగిలిన దానిలో మూడవవంతు మించకుండా దీనిని నెరవేర్చాలి.

నాలుగవది, మిగిలిన ఆస్తిని వారసుల మధ్య పంచడం.

అప్పులు తీర్చకముందే పంచుకుంటే పంచుకున్నవారు మృతుని మెడకు ఆ భారాన్ని వదలిపెట్టినట్లే. 

“నాన్న ఆస్తిలో నాకు పుట్టుకతోనే వాటా లేదా?”

లేదు. తరతరాలుగా హిందూ సోదరుల మధ్య జీవిస్తున్నందువల్ల ఉమ్మడి కుటుంబం, పిత్రార్జితం అనే భావాలు మన పల్లెల్లోని ముస్లిములలో కూడా నాటుకుపోయాయి. షరీఅత్‌లో తండ్రి బ్రతికి ఉన్నంతకాలం ఆయన ఆస్తి ఆయనదే. అది తాత నుంచి వచ్చినదైనా, తాను సంపాదించినదైనా ఒకటే. ఆయన జీవించి ఉండగా “నా వాటా పంచివ్వు” అని అడిగే హక్కు కొడుకుకు గాని, కూతురికి గాని లేదు. ఆయన మరణించిన క్షణంలోనే ప్రతి వారసుని వాటా వారిదైపోతుంది. పంపకం ఆలస్యమైనా హక్కు ఆగదు.

దీనినిబట్టి మరో విషయం తేలుతుంది. తండ్రి బ్రతికి ఉండగానే కూతురుచేత “నాకు వాటా వద్దు” అని రాయించుకున్న కాగితానికి ధర్మం ప్రకారం విలువలేదు. ఇంకా పుట్టని హక్కును ఎవరూ వదులుకోలేరు కదా!

వాటాలు ఎలా కట్టాలి?

లెక్కలు చెప్పేకన్న ఉదాహరణలు చూపితే సులభంగా అర్థమవుతుంది.

ఒక వ్యాపారి మరణించాడు. భార్య, తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. ఇల్లు, దుకాణం, నగదు అన్నీ కలిపి 30 లక్షలు. ఖనన ఖర్చులు, బయటి అప్పులు, భార్యకు రావలసిన మహర్ కలిపి 3 లక్షలు. మిగిలినవి 27 లక్షలు. వసీయత్‌కు గరిష్ఠంగా 9 లక్షల వరకు అవకాశం ఉంది. ఆయన 3 లక్షలు మాత్రమే మదరసాకు, పేద బంధువుకు రాశాడు. ఇక వారసులకు 24 లక్షలు. సంతానం ఉన్నందున భార్యకు ఎనిమిదవవంతు, అంటే 3 లక్షలు. తల్లికి ఆరవవంతు, అంటే 4 లక్షలు. మిగిలిన 17 లక్షలను అయిదు భాగాలు చేసి ఒక్కొక్క కొడుకుకు రెండేసి భాగాలు, కూతురికి ఒక భాగం ఇవ్వాలి. ఒక్కొక్క కొడుకుకు 6 లక్షల 80 వేలు, కూతురికి 3 లక్షల 40 వేలు వస్తాయి.

ఇక్కడ గమనించవలసింది తల్లి సంగతి. కొడుకు చనిపోయిన ముసలి తల్లికి కూడా వాటా ఉందని మనలో చాలామందికి తెలియదు. “ఆమెకెందుకు ఆస్తి, అన్నం పెడుతున్నాముగా” అంటారు. అన్నం పెట్టడం వేరు, హక్కు ఇవ్వడం వేరు.

రెండవ ఉదాహరణ. ఒక స్త్రీ మరణించింది. భర్త, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. తల్లిదండ్రులు ముందే గతించారు. భర్తకు నాలుగవవంతు, మిగిలినదానిలో రెండు భాగాలు కొడుకుకు, ఒక భాగం కూతురికి. ఆమె నగలైనా, పుట్టింటినుంచి వచ్చిన పొలమైనా ఇదే విధంగా పంచాలి. తల్లి నగలన్నీ కూతురివి, పొలమంతా కొడుకుది అనే ఆచారానికి షరీఅత్‌లో ఆధారం లేదు.

మూడవ ఉదాహరణ. ఒకాయనకు కొడుకులు లేరు. భార్య, ఇద్దరు కూతుళ్ళు, ఒక సోదరుడు ఉన్నారు. 24 లక్షలలో భార్యకు 3, కూతుళ్ళిద్దరికీ కలిపి మూడింట రెండువంతులు అంటే 16, సోదరునికి మిగిలిన 5 లక్షలు. ఈ తీర్పు వెనుక ఒక చరిత్ర ఉంది. ఉహద్ యుద్ధంలో సఅద్ బిన్ రబీ (రజి) అమరులైనప్పుడు ఆయన సోదరుడు ఆస్తి మొత్తం తీసుకున్నాడు. ఆయన భార్య ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకొని దైవప్రవక్త (స) దగ్గరకు వచ్చి, ఆస్తి లేకుండా ఈ పిల్లల పెళ్ళిళ్ళు ఎలా అవుతాయని మొరపెట్టుకుంది. వారసత్వపు ఆయత్ అవతరించింది. దైవప్రవక్త (స) ఆ సోదరుణ్ణి పిలిపించి, కూతుళ్ళకు మూడింట రెండువంతులు, తల్లికి ఎనిమిదవవంతు ఇచ్చి, మిగిలినది తాను తీసుకోవలసిందిగా ఆదేశించారు. ఒక వితంతువు ధైర్యంచేసి అడిగిన ప్రశ్నతో ముడిపడి ఉన్న ఈ శాసనాన్ని ఈనాడు మన వితంతువులే నోరెత్తి అడగలేకపోతున్నారంటే ఎంత విచారకరం!

“చెల్లెలి పెళ్ళికి ఖర్చుపెట్టాము, ఇంకా వాటా ఎందుకు?”

ఈ ప్రశ్న అన్నదమ్ముల నోట తరచూ వినబడుతుంది. కట్నం షరీఅత్‌లో లేనేలేదు. మనదేశ చట్టం 1961లోనే దానిని నిషేధించింది. లేని ఆచారాన్ని తెచ్చిపెట్టుకొని, దాని పేరుతో ఉన్న హక్కును తీసివేయడం రెండు తప్పులు కలిపి చేయడమే. తండ్రి తన జీవితకాలంలో కూతురి పెళ్ళికి పెట్టిన ఖర్చు ఆయన తన ఇష్టంతో చేసింది. కొడుకు చదువుకు, వ్యాపారానికి పెట్టినదాన్ని లెక్కగట్టి అతని వాటాలోంచి తగ్గించడం లేదు కదా! సూరా నిసా 7వ ఆయత్‌లో, ఆస్తి కొద్దిదైనా ఎక్కువైనా పురుషులకూ వాటా ఉంది, స్త్రీలకూ వాటా ఉంది అని అల్లాహ్ వేర్వేరుగా ప్రకటించాడు. 

కొడుకుకు రెట్టింపు ఎందుకని కొందరు విద్యావంతులు అడుగుతుంటారు. భార్యాబిడ్డల పోషణ, మహర్, అవసరమైతే వృద్ధ తల్లిదండ్రుల, పెళ్ళికాని అక్కచెల్లెళ్ళ పోషణ పురుషునిపై విధిగా ఉంచబడ్డాయి. స్త్రీకి వచ్చిన వాటాలోంచి ఇంటి ఖర్చుకు ఒక్క రూపాయి అడిగే హక్కు భర్తకు కూడా లేదు. అయితే ఈ సమాధానం చెప్పే అర్హత చెల్లెలికి ఆ ఒక భాగమైనా ఇచ్చినవానికే ఉంటుంది. ఏమీ ఇవ్వకుండా షరీఅత్‌లోని న్యాయాన్ని గురించి ఉపన్యసించడం సిగ్గుచేటు.

“ఆమె ఇష్టపూర్వకంగానే వదులుకుంది” అంటారు. తండ్రి మరణానంతరం, తన వాటా ఎంతో పూర్తిగా తెలిసి, ఒత్తిడి లేకుండా ఒక వారసురాలు తన వాటాను సోదరునికి ఇవ్వవచ్చు. లేదా కొంత సొమ్ము తీసుకొని వైదొలగవచ్చు. ధర్మశాస్త్రంలో దీనిని “తఖారుజ్” అంటారు. కాని ఇష్టానికి, మొహమాటానికి తేడా తెలియాలంటే ఒక తేలిక పరీక్ష ఉంది. ముందు ఆమె వాటాను లెక్కగట్టి ఆమె చేతిలో పెట్టండి. అది తన స్వాధీనంలోకి వచ్చిన తరువాత కూడా ఆమె తిరిగి ఇస్తే, అది ఇష్టం. పుట్టింటి రాకపోకలు ఆగిపోతాయనే భయంతో పెట్టిన సంతకం ఇష్టం కాదు.

వసీయత్: ఎవరికి, ఎంత?

హజ్జతుల్ విదా సంవత్సరంలో మక్కాలో సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) తీవ్రంగా జబ్బుపడ్డారు. ఆయన ధనవంతులు, అప్పటికి ఒక్క కూతురే వారసురాలు. మూడింట రెండువంతులు దానం చేయనా అని దైవప్రవక్త (స)ను అడిగారు. వద్దన్నారు. సగం? వద్దన్నారు. మూడవవంతు? అది చాలు, అదీ ఎక్కువే అన్నారు. వారసులు ఇతరుల ముందు చేయిచాచేలా వదలిపోవడంకన్న వారిని కలిగినవారుగా వదలిపోవడం మేలని బోధించారు. తరువాత సఅద్ (రజి) కోలుకొని చాలాకాలం జీవించారు. వసీయత్‌కు ఉన్న మూడవవంతు పరిమితికి ఆధారం ఈ సంఘటనే.

రెండవ నియమం, వారసునికి వసీయత్ లేదు. కొడుకు, కూతురు, భార్య, భర్త, తల్లి, తండ్రి - వీరికి వాటా అల్లాహ్ నిర్ణయించాడు కనుక, ఒకరికి ఎక్కువ రాసి మరొకరికి తగ్గించే అధికారం మనకు లేదు. మూడవవంతు మించిన వసీయత్ గాని, వారసునికి రాసిన వసీయత్ గాని, రాసినవారి మరణానంతరం ఇతర వారసులు అంగీకరిస్తేనే చెల్లుతుంది. అంగీకరించినవారి వాటాకు మాత్రమే అది వర్తిస్తుంది. షియా ఇస్నా అషరీ ధర్మశాస్త్రం ప్రకారం మూడవవంతులోపు వారసునికి కూడా వసీయత్ చేయవచ్చు. ఆ కుటుంబాలవారు తమ ఉలమాను సంప్రదించాలి.

మరి మూడవవంతు ఎవరికోసం? వాటా రాని ఆప్తులకోసం, పేదలకోసం, ధర్మకార్యాలకోసం. తాను చేయలేకపోయిన హజ్, చెల్లించని జకాత్, ఖజా అయిన ఉపవాసాల ఫిద్‌యా - ఇవి ఉన్నవారు వాటికోసం వసీయత్ చేయడం తప్పనిసరి. హనఫీ మతం ప్రకారం వసీయత్ చేయకపోతే వాటిని తీర్చడం వారసులకు విధి కాదు. పెంచుకున్న బిడ్డ షరీఅత్‌లో వారసుడు కాడు; సవతి పిల్లలూ కారు; ముస్లిమేతర బంధువులు కూడా కారు. వీరందరికీ ఈ మూడవవంతులోనుంచి ఇవ్వవచ్చు.

తండ్రిలేని మనుమడు

అన్నిటికంటె మనసును కలచివేసే ప్రశ్న ఇది. తాత బ్రతికి ఉండగా కొడుకు చనిపోయాడు. అతని భార్యాబిడ్డలు తాత ఇంట్లోనే ఉన్నారు. తరువాత తాత గతించాడు. ఆయనకు ఇంకా కొడుకులున్నారు. అప్పుడు కొడుకులుండగా మనుమడు వారసుడు కాడు. చినాన్నలు ఇల్లు పంచుకుంటారు. ఆ వితంతువు, పిల్లలు గుమ్మం బయట నిలబడతారు. దీనిని చూసి ఇస్లాం అనాథకు అన్యాయం చేసిందని విమర్శిస్తారు.

నిజానికి దారి చూపబడే ఉంది, మనమే నడవలేదు. మనుమడు వారసుడు కాకపోవడంవల్లనే అతనికి వసీయత్ చేయడానికి ఏ అడ్డూ లేదు. తాత మూడవవంతు వరకు అతని పేర రాయవచ్చు. పై ఉదాహరణలోని 27 లక్షలలో అది 9 లక్షలు. ఒక కొడుకు వాటాకంటె కూడా ఎక్కువ. సూరా బఖరా 180వ ఆయత్‌లో దగ్గరి బంధువులకు వసీయత్ చేయమనే ఆదేశం ఇటువంటివారికి ఎంతగా వర్తిస్తుందో ఆలోచించండి. ఈ ఆధారంతోనే ఈజిప్టు 1946లో అటువంటి మనుమలకు వసీయత్‌ను తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. పాకిస్తాన్ 1961లో మరో పద్ధతిలో, చనిపోయిన కొడుకు వాటానే అతని సంతానానికి ఇచ్చేటట్లు శాసించింది; దానిపై ఉలమాలో భేదాభిప్రాయాలు వచ్చాయి. మనదేశంలో అటువంటి చట్టమేదీ లేదు. కనుక మన తాతలు తామే కలం పట్టాలి. తండ్రిలేని మనుమడున్న ప్రతి తాత ఈ వ్యాసం చదవడం ముగించేలోగా ఒక నిర్ణయానికి రావాలని మా విన్నపం.

తాత రాయకుండా పోయినా చినాన్నలకు బాధ్యత తప్పదు. పంపకం వేళ అక్కడున్న బంధువులకు, అనాథలకు, పేదలకు కూడా కొంత ఇవ్వాలని సూరా నిసా 8వ ఆయత్ చెబుతోంది. ఆ తరువాత రెండు ఆయతులకే, అనాథల సొమ్ము తినేవారు తమ కడుపుల్లో నిప్పు నింపుకుంటున్నారనే హెచ్చరిక ఉంది.

వసీయత్‌నామా ఎలా రాయాలి?

వసీయత్ చేయదగినదేదైనా ఉన్న ముస్లిము, అది రాసిపెట్టుకోకుండా రెండు రాత్రులు గడపడం తగదని దైవప్రవక్త (స) బోధించినట్లు ఇబ్నె ఉమర్ (రజి) తెలిపారు. కనుక ఇది ముసలితనానికి వాయిదా వేసే పని కాదు.

మనదేశ చట్టంలో ముస్లిం వీలునామాకు ప్రత్యేకమైన నమూనా లేదు. నోటిమాటగా చేసినా చెల్లుతుంది. 1925 నాటి భారత వారసత్వ చట్టంలోని వీలునామా నియమాలు ముస్లిములకు వర్తించవు. ప్రొబేటు కూడా అవసరం లేదు. కాని చెల్లడం వేరు, రుజువు చేయడం వేరు. అందువల్ల తెల్ల కాగితంమీదనైనా స్పష్టంగా రాసి, తేదీ వేసి, వారసులు కాని ఇద్దరు నమ్మకస్తులచేత సాక్షి సంతకాలు చేయించాలి. స్టాంపు కాగితం అవసరం లేదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు గాని మంచిది. సీలువేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రారు దగ్గర భద్రపరచే వీలు కూడా ఉంది. బ్రతికి ఉన్నంతవరకు దీనిని ఎన్నిసార్లయినా మార్చవచ్చు, రద్దు చేయవచ్చు.

అందులో నాలుగు విషయాలుండాలి. తన అప్పుల, రావలసిన బాకీల, తన దగ్గరున్న ఇతరుల అమానతుల జాబితా. భార్యకు మహర్ చెల్లించిందీ లేనిదీ. మూడవవంతులోపు ఎవరికి ఏమి ఇవ్వాలో. చివరిది, దీనిని ఎవరు అమలుజరపాలో. వారిని “వసీ” అంటారు.

చిన్నపిల్లలున్న తండ్రులు ఈ చివరి విషయంపై ప్రత్యేకంగా దృష్టి పెట్టాలి. మనదేశంలో అమలయ్యే హనఫీ న్యాయం ప్రకారం మైనరు పిల్లల ఆస్తికి తండ్రి, ఆయన నియమించిన వసీ, ఆ తరువాత తాత, తాత నియమించిన వసీ మాత్రమే సంరక్షకులు. తల్లి తనంతట తాను ఆస్తి సంరక్షకురాలు కాదు. 1890 నాటి సంరక్షకుల చట్టం క్రింద కోర్టుకు వెళ్ళవలసి వస్తుంది. చినాన్నకు గాని, పెదనాన్నకు గాని, అన్నకు గాని కూడా ఆ అధికారం లేదు. కాని ఆచరణలో వారే పొలం కౌలుకిచ్చి డబ్బు తీసుకుంటుంటారు. తండ్రి తన వసీయత్‌నామాలో “నా భార్యను వసీగా నియమిస్తున్నాను” అని ఒక్క వాక్యం రాస్తే ఆమె చేతికి ఆ అధికారం వస్తుంది. స్త్రీ వసీగా ఉండటానికి షరీఅత్‌లో అభ్యంతరం లేదు. 

హిబా: బ్రతికుండగా ఇవ్వడం

“కొడుకుకు వసీయత్ చెల్లదంటే, ఇప్పుడే ఇల్లు అతని పేర రాసేస్తాను” అంటారు కొందరు. హిబా చేసే హక్కు యజమానికి ఉంది. దానికి మూడు షరతులు: ఇస్తున్నానని ప్రకటించడం, తీసుకునేవారు స్వీకరించడం, స్వాధీనం అప్పగించడం. కాగితం రాసి, తాళాలు తన దగ్గరే ఉంచుకొని, అద్దెలు తానే తీసుకుంటూ ఉంటే అటువంటి హిబా సాధారణంగా వివాదానికే దారితీస్తుంది. ఈ మూడు షరతులు నెరవేరితే, హిబాను కాగితంపై రాసినంత మాత్రాన రిజిస్ట్రేషను తప్పనిసరి కాదని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పింది. అయినా భవిష్యత్తులో తగాదాలు రాకుండా రిజిస్టరు చేయించుకోవడమే క్షేమం.

మరణవ్యాధిలో, అంటే ఏ జబ్బుతో చనిపోయాడో ఆ జబ్బులో చావు తప్పదనే భయంతో చేసిన హిబాకు వసీయత్ నియమాలే వర్తిస్తాయి. ఆసుపత్రి మంచంమీద వేలిముద్రలు వేయించుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

చట్టంలో చెల్లినదంతా ధర్మంలో మంచిది కాదు. నుఅమాన్ బిన్ బషీర్ (రజి)కి ఆయన తండ్రి ఒక కానుక ఇచ్చి, దానికి దైవప్రవక్త (స)ను సాక్షిగా ఉండమన్నారు. సంతానమందరికీ ఇలాగే ఇచ్చావా అని ఆయన అడిగారు. లేదని తెలిసి, అన్యాయానికి సాక్షిగా ఉండనని నిరాకరించారు. కూతుళ్ళను తప్పించడానికే హిబా చేసేవారు ఈ హదీసు ముందు నిలబడి జవాబు చెప్పుకోవాలి.

ముఖ్తారునామా: అధికారమా, అమానతా?

గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు ఉన్న ఇళ్ళలో ముఖ్తారునామా మాట తరచూ వినిపిస్తుంది. జనం దీనిని జి.పి.ఏ. అంటారు. సౌదీలోనో, కువైట్‌లోనో ఉన్న వ్యక్తి ఇక్కడి స్థలం వ్యవహారం చూడటానికి అన్నకో, బావకో అధికారం ఇస్తాడు. ధర్మశాస్త్రంలో ఇదే “వకాలత్”. అధికారం పుచ్చుకున్నవాడు వకీల్. అతని చేతిలోని ఆస్తి అమానత్. ఆ ఆస్తికి అతను యజమాని కాడు. యజమాని అనుమతి లేకుండా దానిని తన పేర గాని, తన భార్య పేర గాని కొనుక్కోవడానికి వీలులేదు. పైసా పైసాకూ లెక్క చెప్పాలి.

ఈ విషయంలో నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలి.

ఒకటి, ఇచ్చినవారు మరణించగానే ముఖ్తారునామా ముగుస్తుంది. షరీఅత్‌లోనూ అంతే, 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోనూ అంతే. మతిస్థిమితం పోయినా ముగుస్తుంది. తండ్రి చనిపోయిన నెల తరువాత ఆయన ఇచ్చిన జి.పి.ఏ. చూపి ఇల్లు అమ్మిన కొడుకు, ఆనాటికి అక్కచెల్లెళ్ళ సొత్తయిన భాగాన్ని అమ్మినవాడవుతాడు. ముఖ్తారునామా వీలునామాకు బదులు కాదు; ఒకటి బ్రతికున్నంతవరకే, రెండవది మరణంతోనే మొదలు.

రెండు, జి.పి.ఏ. ద్వారా ఇల్లు “కొన్నాము” అనేవారికి యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో స్పష్టంచేసింది. రిజిస్టరైన విక్రయ దస్తావేజు ఉండాల్సిందే.

మూడు, సర్వాధికారాలూ ఇచ్చే బదులు, ఒక పనికి ఒక ప్రత్యేక ముఖ్తారునామా ఇవ్వడం మంచిది. అద్దె వసూలుకు ఇచ్చేదానిలో అమ్మే అధికారం ఎందుకు? విదేశంలో ఉన్నవారు భారత రాయబార కార్యాలయంలో గాని, అక్కడి నోటరీ ఎదుట గాని సంతకం చేయాలి. అది మనదేశానికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు రుసుము చెల్లించాలి.

నాలుగు, రద్దు చేస్తే ఆ సంగతి పుచ్చుకున్నవారికీ, వారితో వ్యవహరించే ఇతరులకూ తెలియజేయాలి. తెలియనంతవరకు అతను చేసిన పనులకు మీరే బాధ్యులు కావలసి రావచ్చు.

నామినీ, సర్టిఫికెట్లు

బ్యాంకులో పెద్దకొడుకు పేరు నామినీగా ఉంటే సొమ్మంతా అతనిదేనా? కాదు. బ్యాంకు సొమ్ము అందుకునే మనిషి మాత్రమే నామినీ. అందుకున్న తరువాత వారసులకు వాటాల ప్రకారం పంచాలి. జీవిత బీమా విషయంలో కూడా సుప్రీంకోర్టు 1984లో ఇదే చెప్పింది. అయితే 2015లో బీమా చట్టానికి చేసిన సవరణ వలన తల్లిదండ్రులు, భార్య, భర్త, సంతానం నామినీలుగా ఉంటే ఆ సొమ్ముపై వారికి లబ్ధి హక్కు కల్పించబడింది. చట్టం ఒకరికి ఇప్పించినా, ఇతర వారసుల హక్కు విషయంలో ఆలిములను అడిగి, అల్లాహ్ ముందు తేలికగా ఉండే మార్గాన్ని ఎంచుకోవాలి.

తహశీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కుటుంబంలో ఎవరెవరున్నారో చెబుతుంది; వాటాలు నిర్ణయించదు. అందులో ఆడపిల్లల పేర్లు రాయించకుండా దాచడం అబద్ధపు సాక్ష్యం. తెలంగాణ పల్లెల్లో విరాసత్ అనే పేరుతో పట్టా ఒక కొడుకు పేరుకు మారినంత మాత్రాన భూమి అతని ఒక్కనిదే అయిపోదు. 1937 నాటి షరీఅత్ చట్టం సాగుభూమిని మినహాయించగా, పూర్వం మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఆంధ్ర జిల్లాలకు 1949 సవరణ ఆ మినహాయింపును తొలగించింది. ప్రత్యేక వివాహ చట్టం క్రింద పెళ్ళిచేసుకున్నవారికి చట్టరీత్యా వారసత్వ నియమాలు వేరుగా ఉంటాయి. ఇటువంటి చిక్కుల్లో ఒక ముఫ్తీనీ, ఒక న్యాయవాదినీ ఇద్దరినీ అడగడం ఉత్తమం.

ఈ వారంలో చేయవలసిన పని

పాఠక సోదరీ సోదరులారా! రాబోయే జుమా నమాజు తరువాత ఇంట్లో భార్యాబిడ్డలను కూర్చోబెట్టుకోండి. ఒక నోటు పుస్తకంలో అప్పులు, బాకీలు రాయండి. మహర్ మిగిలి ఉంటే బ్రతికి ఉండగానే చెల్లించండి. దస్తావేజులు ఎక్కడున్నాయో భార్యకు చూపండి. తండ్రిలేని మనుమడు గాని, పెంచుకున్న బిడ్డ గాని ఉంటే వారికోసం రెండు వాక్యాలు రాయండి. తాతలనాటినుంచి మేనత్తల వాటా మీ ఇంట్లోనే నిలిచిపోయి ఉంటే, వారు గాని, వారి పిల్లలు గాని ఎక్కడున్నారో వెదకి ఇవ్వండి. కాలం గడిచినంత మాత్రాన పరుల సొమ్ము హలాల్ కాదు.

ఇవన్నీ చేసినా ఖర్చయ్యేది ఒక సాయంత్రం. చేయకపోతే మన వెనుక మిగిలేది కోర్టు మెట్లు, మాటలు లేని అన్నదమ్ములు, పుట్టింటి గుమ్మం తొక్కని ఆడపడుచులు. మన తరువాతివారికి ఆస్తితోపాటు సఖ్యతను కూడా వదలిపోయే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.